పాత నిబంధన ఎవరిది?

ప్రొటెస్టెంట్ బైబిలులో ఉన్న 66 గ్రంథాలలో 39 యూదుల పవిత్ర గ్రంథాలే. పుటల లెక్కన చూసినా మొత్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు వాటివే. క్రైస్తవులు వాటిని పాత నిబంధన అనీ, యేసు మరణానంతరం ఆయన అనుయాయులు గ్రీకు భాషలో రాసిన 27 గ్రంథాలను కొత్త నిబంధన అనీ వ్యవహరిస్తారు. ఒక మతం తన పవిత్ర గ్రంథంలో అధిక భాగాన్ని నేటికీ సజీవంగా ఉన్న మరో మతంతో పంచుకోవడం, పైగా ఆ భాగాన్ని ఆ మతస్థులకంటే తామే సరిగా అర్థం చేసుకున్నామని చెప్పుకోవడం ప్రపంచ మత చరిత్రలో అరుదైన సంగతి. ఈ ఏర్పాటు ఎవరో ఒకరు కూర్చుని ఒక్కనాటిలో చేసినది కాదు. తొలి రెండు శతాబ్దాలలో తీవ్రమైన వాదోపవాదాల మధ్య రూపుదిద్దుకున్నది. ఆ వాదంలో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. పాత గ్రంథాన్ని ఏం చేయాలన్నది మొదటిది; ఆ గ్రంథంలోని ఒడంబడిక ఎవరితో జరిగిందో ఆ ప్రజలను ఎలా చూడాలన్నది రెండోది. మొదటి ప్రశ్నకు క్రైస్తవ సంఘం రెండో శతాబ్దంలోనే గట్టి సమాధానం చెప్పింది. రెండో ప్రశ్నను మాత్రం చాలాకాలం సరిగా అడగనే లేదు, దాని మూల్యం చెల్లించినది యూదులు.

నిబంధన అంటే రెండు పక్షాల మధ్య ప్రమాణపూర్వకంగా కుదిరే బంధం. ప్రాచీన పశ్చిమాసియాలో అది మాటలతో ముగిసేది కాదు, రక్తంతో ముద్రితమయ్యేది. ఆదికాండం 15వ అధ్యాయంలో అబ్రాహాము మూడేళ్ల పెయ్యను, మూడేళ్ల మేకను, మూడేళ్ల పొట్టేలును తెచ్చి నడిమికి రెండుగా ఖండించి, ఆ ఖండాలను ఎదురెదురుగా పేర్చుతాడు. గువ్వను, పావురపు పిల్లను మాత్రం ఖండించడు. కళేబరాల మీదికి గద్దలు వాలితే తోలివేస్తాడు. పొద్దుగుంకి కటిక చీకటి కమ్మాక పొగలేచే కుంపటి, మండే దివిటీ ఆ ఖండాల మధ్యనుంచి సాగిపోతాయి. మాట తప్పిన వాడికి ఈ పశువుల గతే పడుతుందన్న అర్థం ఈ కర్మకాండలో ఉందని యిర్మీయా గ్రంథం 34వ అధ్యాయాన్ని బట్టి తెలుస్తుంది. ఇక్కడ గమనించవలసినది, ఆ ఖండాల మధ్య నడిచినది అబ్రాహాము కాదు, దేవుని సాన్నిధ్యానికి గుర్తులైన పొగ, అగ్ని మాత్రమే. అంటే ప్రమాణభారం దేవుడే తన మీద వేసుకున్నాడని వ్యాఖ్యాతలు చెబుతారు. సీనాయి పర్వతం దగ్గర మోషే ద్వారా జరిగిన నిబంధన స్వరూపం వేరు. నిర్గమకాండం 24వ అధ్యాయంలో మోషే బలిపశువుల రక్తంలో సగం బలిపీఠం మీద ప్రోక్షించి, నిబంధన గ్రంథాన్ని ప్రజలకు చదివి వినిపించి, వారు విధేయులై ఉంటామని ఒప్పుకున్న తరువాతే మిగిలిన సగం వారి మీద చల్లుతాడు. చక్రవర్తికి, సామంతునికి మధ్య హిత్తీయులు రాసుకున్న సంధిపత్రాల పద్ధతి ఈ సీనాయి నిబంధనలో కనిపిస్తుందని అమెరికా పండితుడు జార్జ్ మెండెన్‌హాల్ 1954లో ప్రతిపాదించగా, దానిపై చర్చ దశాబ్దాల పాటు సాగింది. ఒకటి దేవుని వాగ్దానం మీద, మరొకటి ప్రజల విధేయత మీద బరువు మోపిన ఈ రెండు నిబంధనల మధ్య ఉన్న తేడాయే తరువాతి కాలంలో క్రైస్తవ అపొస్తలుడు పౌలు వాదానికి ఆధారమైంది.

కొత్త నిబంధన అన్న మాట మొదట పలికినది క్రైస్తవులు కాదు. బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును కూల్చి, దేవాలయాన్ని తగలబెట్టిన క్రీ.పూ. 587 ప్రాంతంలో జీవించిన యిర్మీయా ప్రవక్త పేరిట ఉన్న గ్రంథం, 31వ అధ్యాయంలో, తండ్రులతో చేసినట్టిది కాని కొత్త నిబంధనను దేవుడు ఇశ్రాయేలు వారితోను, యూదా వారితోను చేస్తాడని చెబుతుంది. అప్పుడు ధర్మశాస్త్రం మనుషుల హృదయాల మీద రాసి ఉంటుంది. ఒకరికొకరు దేవుణ్ని గురించి బోధించుకోవలసిన అవసరం ఉండదు. పాపాలు మరెన్నడూ జ్ఞాపకానికి రావు. ఈ ప్రవచనంలో ధర్మశాస్త్రం రద్దు కాదు, దాని చోటు మారుతుంది. ఒడంబడికలో రెండో పక్షంగా ఇశ్రాయేలే ఉంటుంది తప్ప వేరొక జాతి రాదు. ఈ రెండు విషయాలు తరువాతి క్రైస్తవ వ్యాఖ్యానాలలో తరచు మరుగున పడ్డాయి. యేసుకు పూర్వమే ఈ మాటను మరో యూదు వర్గం తనకు అన్వయించుకుంది కూడా. కైరో నగరంలోని పాత సమాజమందిరపు గ్రంథరాశిలో దొరికిన ప్రతుల నుంచి సోలమన్ షెఖ్టర్ 1910లో ప్రచురించిన దమస్కు పత్రం, ఆ వర్గం వారు దమస్కు దేశంలో కొత్త నిబంధనలో ప్రవేశించారని చెప్పుకుంటుంది. అదే రచన తునకలు ఆ తరువాత మృతసముద్ర తీరంలో కుమ్రాన్ గుహలలోనూ బయటపడ్డాయి. వారి దృష్టిలో కొత్త నిబంధన అంటే మోషే ధర్మశాస్త్రాన్ని మరింత నిష్ఠగా పాటించడం.

యేసు తన శిష్యులతో చేసిన కడరాత్రి భోజనంలో ద్రాక్షారసపు గిన్నెను తన రక్తం వల్లనైన కొత్త నిబంధనగా చెప్పినట్లు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో ఉంది. క్రీ.శ. 55 ప్రాంతపు ఈ లేఖ సువార్తలన్నిటికంటే ముందుది. అందువల్ల సీనాయి దగ్గర చల్లిన రక్తాన్నీ, యిర్మీయా చెప్పిన కొత్త నిబంధననూ కలిపి యేసు మరణానికి అన్వయించడం క్రైస్తవ విశ్వాసపు తొలి పొరలోనే ఉన్నదని నమ్మకంగా చెప్పవచ్చు. చిక్కు వచ్చినది యూదులు కాని వారు, అంటే అన్యజనులు, పెద్ద సంఖ్యలో విశ్వాసులుగా చేరడం మొదలైనప్పుడు. వారు సున్నతి చేయించుకోవాలా, భోజన నియమాలు పాటించాలా అన్నది 49 ప్రాంతంలో యెరూషలేములో జరిగిన పెద్దల సభ ముందుకు వచ్చింది. సున్నతి భారం మోపకుండా, విగ్రహాలకు అర్పించినవి తినడం, రక్తం, గొంతు పిసికి చంపిన జంతువుల మాంసం, వ్యభిచారం మానుకొమ్మని మాత్రం కోరాలని ఆ సభ తీర్మానించినట్లు అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చెబుతుంది.

పౌలు ఆలోచన ఒక్క సూత్రంలో ఇమిడేది కాదు. అది ఆయన ఎదుర్కొన్న ప్రత్యర్థులను బట్టి బరువులు మార్చుకుంటూ పోయింది. అన్యజనులకు సున్నతి తప్పనిసరి అన్న బోధకులతో తలపడుతూ గలతీయులకు రాసిన లేఖలో ఆయన, అబ్రాహాముకు ఇచ్చిన వాగ్దానాన్ని 430 ఏళ్ల తరువాత వచ్చిన ధర్మశాస్త్రం కొట్టివేయజాలదని వాదించి, అబ్రాహాము దాసి హాగరును, భార్య శారాను రెండు నిబంధనలకు ప్రతీకలుగా నిలబెడతాడు. కొరింథీయులకు రాసిన రెండో లేఖలో మోషే ముఖం మీది ముసుగును ప్రస్తావించి, పాత నిబంధన చదివేటప్పుడు ఆ ముసుగు ఇప్పటికీ వినేవారి మనసుల మీద ఉందంటాడు; పాత నిబంధన అన్న పదబంధం క్రైస్తవ రచనలలో మొదట కనిపించేది ఇక్కడే. రోమీయులకు రాసిన లేఖ 9 నుంచి 11 వరకు అధ్యాయాలకు వచ్చేసరికి స్వరం పూర్తిగా మారుతుంది. తన సొంత జనం కోసం తానే శాపగ్రస్తుణ్ని కావడానికైనా సిద్ధమని తొలివాక్యాలలోనే చెప్పుకున్న పౌలు, ఇశ్రాయేలును ఒలీవ చెట్టుగా, అన్యజన విశ్వాసులను దానికి అంటుకట్టిన అడవి కొమ్మలుగా వర్ణించి, వేరును మోస్తున్నది కొమ్మ కాదని, కొమ్మను మోస్తున్నదే వేరని గుర్తు చేస్తూ, కొమ్మలు విర్రవీగకూడదని హెచ్చరిస్తాడు. దేవుడు ఇచ్చిన వరాలు, పిలుపు వెనక్కు తీసుకోబడేవి కావన్నది ఆ అధ్యాయాలలో ఆయన చేరుకున్న గమ్యం. గలతీయులకు రాసినది ఒక్కటే చదివిన పాఠకునికి, రోమీయులకు రాసినది ఒక్కటే చదివిన పాఠకునికి ఇద్దరు వేర్వేరు పౌలులు కనిపించడంలో వింతలేదు, క్రైస్తవ చరిత్రలో జరిగినదీ అదే.

రచయిత ఎవరో తెలియని హెబ్రీయులకు రాసిన లేఖ మరో దారి పట్టింది. యిర్మీయా ప్రవచనాన్ని 8వ అధ్యాయంలో పూర్తిగా ఉదాహరించి (కొత్త నిబంధన గ్రంథాలలో పాతదాని నుంచి తీసుకున్న ఉదాహరణలలో ఇదే అతి పెద్దది), కొత్తదని అనడంలోనే మొదటిది పాతబడిందని, పాతబడినది అదృశ్యమయ్యే స్థితిలో ఉందని ఆ రచయిత ముగిస్తాడు. యాజకత్వం, బలులు, గుడారం అన్నీ రాబోయే వాటి నీడలని, వాస్తవం క్రీస్తులో ఉందని ఆయన వాదం. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేయడంతో బలులు నిలిచిపోయాయి. 132 నుంచి 135 వరకు సాగిన బార్ కొఖ్బా తిరుగుబాటు అణచివేతతో యూదుల రాజకీయ ఆశలూ అడుగంటాయి. ఈ పరిణామాలను చూసిన చాలామంది క్రైస్తవులకు హెబ్రీ లేఖలోని మాట చరిత్రే ధ్రువీకరించిన తీర్పులా తోచింది. అయితే యూదు మతం అదృశ్యం కాలేదు; గలిలయలోని పండితులు తమ ధర్మసంప్రదాయాన్ని 200 ప్రాంతంలో మిష్నా అనే సంపుటిగా క్రోడీకరించి, దేవాలయం లేకుండానే నిబంధనలో జీవించే మార్గాన్ని నిర్మించుకున్నారు.

ఈ నేపథ్యంలో నల్లసముద్రపు దక్షిణ తీరాన, పొంతు ప్రాంతంలోని సినోపే రేవు పట్టణం నుంచి మార్సియన్ అనే సంపన్న ఓడల యజమాని 140 ప్రాంతంలో రోముకు వచ్చి, అక్కడి సంఘానికి రెండు లక్షల సెస్టర్సుల విరాళం ఇచ్చాడు. 144లో సంఘం ఆయన బోధను తిరస్కరించి వెలివేసినప్పుడు ఆ మొత్తాన్ని తిరిగి ఇచ్చివేసింది. ఆయన చెప్పినది ఏమిటంటే, లోకాన్ని సృష్టించి ఇశ్రాయేలుకు ధర్మశాస్త్రం ఇచ్చిన దేవుడు ఒకరు, యేసు వెల్లడించిన ప్రేమమూర్తి అయిన తండ్రి వేరొకరు. మొదటివాడు న్యాయం మాత్రమే ఎరిగినవాడు, రెండోవాడు అంతవరకు ఎవరికీ తెలియనివాడు. ఈ రెండు పక్షాల మాటలను ఎదురెదురుగా పేర్చి చూపుతూ ఆయన ఒక గ్రంథం రాశాడు. అది నేడు దొరకదు గాని, దాన్ని ఖండిస్తూ ఆఫ్రికా రచయిత టెర్టులియన్ రాసిన అయిదు సంపుటాల నుంచి అందులోని వాదాలు చాలావరకు తెలుస్తాయి. ఎలీషా ప్రవక్తను గేలిచేసిన బాలుర మీదికి ఎలుగుబంట్లు రావడాన్ని, చిన్నపిల్లలను తన దగ్గరకు రానిమ్మన్న క్రీస్తు తీరుతో పోల్చి చూడండని మార్సియన్ అడిగాడు. ఏదెను తోటలో ఆదాము ఎక్కడున్నాడని అడిగిన దేవుడికి ఆ సంగతి తెలియదా అని నిలదీశాడు.

మార్సియన్‌ను తేలికగా కొట్టిపారేయడం అన్యాయం అవుతుంది. పాత గ్రంథాన్ని ఆయన వక్రీకరించలేదు. ఉన్నదున్నట్లు, అక్షరార్థంలో చదివాడు. ప్రవక్తలు చెప్పిన మెస్సీయ ఇశ్రాయేలు రాజ్యాన్ని నిలబెట్టే యోధుడే తప్ప యేసు కాడని ఒప్పుకున్నాడు, అంటే ఈ ఒక్క విషయంలో ఆయన యూదు వ్యాఖ్యాతల పక్షానే ఉన్నాడు. పాత గ్రంథంలోని యుద్ధాలు, శాపాలు, సంహారాలు మనసున్న పాఠకులను నేటికీ కలవరపెడుతున్నాయి; ఆ కలవరాన్ని దాచుకోకుండా మాట్లాడినవారిలో ఆయన తొలివాడు. కాని ఆయన చూపిన పరిష్కారం రోగంకంటే ప్రమాదకరమైనది. అబ్రాహాము, మోషే, యెషయాలను తీసివేసిన తరువాత యేసు చరిత్రలో పుట్టుక లేనివాడిగా మిగిలాడు. మార్సియన్ దిద్దిన లూకా సువార్తలో తిబెరి చక్రవర్తి పాలనలో 15వ సంవత్సరాన యేసు హఠాత్తుగా ప్రత్యక్షమవుతాడు, తల్లి లేదు, పశువుల తొట్టి లేదు, వంశావళి లేదు. పౌలు లేఖలలో పదింటిని మాత్రమే తీసుకుని, అందులోనూ తనకు సరిపడని వాక్యాలు ఎవరో తరువాత చొప్పించినవని భావించి తొలగించాడు. తెలిసినంతవరకు క్రైస్తవ గ్రంథాల నిర్ణీత జాబితా మొట్టమొదట తయారు చేసినది ఆయనే కావడం, ఆ పని కత్తెరతో జరగడం చరిత్రలో తప్పక గుర్తుంచుకోవలసిన విషయం.

ఆయన సంఘం ఆయనతోపాటు అంతరించలేదు. దమస్కుకు దక్షిణాన దేర్ అలీ అనే చోట దొరికిన 318-319 నాటి గ్రీకు శాసనం మార్సియన్ అనుయాయుల సమావేశ మందిరానిది. క్రైస్తవ ప్రార్థనా మందిరాలకు చెందిన తేదీ గల శాసనాలలో అతి ప్రాచీనమైనదిగా పండితులు దాన్ని పరిగణిస్తారు. అయిదో శతాబ్దంలో సిరియాలోని కిర్రస్ నగర బిషప్ థియోడొరెట్, తన పరిధిలో మార్సియన్ మతస్థుల ఎనిమిది గ్రామాలను ప్రధాన సంఘంలోకి మళ్లించానని లేఖలో రాసుకున్నాడు. మూడు వందల ఏళ్ల తరువాత కూడా ఊళ్లకు ఊళ్లు ఆ విశ్వాసంలో ఉన్నాయంటే ఆయన లేవనెత్తిన ప్రశ్న ఎంత లోతుగా నాటుకున్నదో ఊహించవచ్చు.

ప్రధాన సంఘం ఇచ్చిన సమాధానాలలో అన్నిటికంటే పరిణతి చెందినది, గాల్ దేశంలోని లియోన్ నగర బిషప్ ఐరేనియస్ 180 ప్రాంతంలో రాసిన గ్రంథంలోనిది. దేవుడు ఒక్కడే, మానవజాతిని ఆయన పసితనం నుంచి పరిణతి వైపు దశలవారీగా నడిపిస్తున్నాడు, నిబంధనలు ఆ ప్రయాణంలో మజిలీలు అన్నది ఆయన దృష్టి. ఆదాము, నోవహు, మోషే, క్రీస్తు అనే నాలుగు నిబంధనల వరుసను ఆయన ఒకచోట చెప్పాడు. అంతకు ముందే జస్టిన్ అనే తత్వవేత్త, ట్రైఫో అనే యూదునితో జరిగిన సంవాదంగా ఒక గ్రంథం రాశాడు. అందులో ట్రైఫో వేసే ప్రశ్న సూటిగా ఉంటుంది: దేవుణ్ని ఆరాధిస్తున్నామంటూ ఆయన ఆజ్ఞాపించిన విశ్రాంతి దినాన్ని, పండుగలను, సున్నతిని పాటించకుండా ఆయన దయను ఎలా ఆశిస్తారు? ఇంత సమంజసమైన ప్రశ్నను ప్రత్యర్థి నోట పలికించడం జస్టిన్ నిజాయతీ. చివరి నిబంధన వచ్చాక ముందరి దాని విధులు ముగిశాయని, ప్రవచనాలు యేసులో నెరవేరాయని ఆయన జవాబిచ్చాడు. తోటి విశ్వాసులను బలవంతపెట్టనంతవరకు ధర్మశాస్త్రాన్ని పాటించే యూదు క్రైస్తవులను తాను సోదరులుగానే భావిస్తానని కూడా చెప్పాడు. బర్నబా పేరిట ప్రచారంలో ఉన్న మరో లేఖ ఇంత ఓర్పు చూపలేదు. మోషే రాతిపలకలు పగలగొట్టిన క్షణానే ఇశ్రాయేలు నిబంధనను పోగొట్టుకున్నదని, అది మొదటి నుంచీ క్రైస్తవుల కోసమే ఉద్దేశించినదని ఆ లేఖ వాదం.

మొదట చెప్పుకున్న రెండు ప్రశ్నల మధ్య ఏర్పడిన చీలిక ఒకే మనిషిలో కనిపించేది చిన్నాసియాలోని సార్దీస్ బిషప్ మెలిటోలో. ఒనేసిము అనే విశ్వాసి అభ్యర్థన మేరకు, పాత నిబంధన గ్రంథాలు ఏవేవో, ఏ వరుసలో ఉన్నాయో కచ్చితంగా తెలుసుకోవడానికి ఆయన 170 ప్రాంతంలో తూర్పు దేశాలకు, ఆ సంఘటనలు జరిగిన చోటికి స్వయంగా ప్రయాణించి జాబితా తెచ్చాడు. చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరచిన ఆ జాబితా క్రైస్తవులు తయారు చేసిన పాత నిబంధన జాబితాలలో మిగిలిన వాటన్నిటికంటే పాతది. అందులో ఎస్తేరు గ్రంథం లేదు. యూదుల గ్రంథాల కోసం ఇంత శ్రమపడిన ఈ మనిషే పస్కా పండుగ గురించి చేసిన ప్రసంగంలో, దేవుణ్ని ఇశ్రాయేలే చంపిందన్న భయంకరమైన ఆరోపణ చేశాడు. ఈ ప్రసంగ పాఠాన్ని ప్రాచీన పత్రాల నుంచి కాంప్‌బెల్ బానర్ 1940లో ప్రచురించాడు. ఐగుప్తులో వధించిన పస్కా గొర్రెపిల్ల ఒక నమూనా మాత్రమేనని, అసలు రూపం వచ్చాక నమూనాకు విలువ ఉండదని మెలిటో వాదం. గ్రంథానికి వర్తింపజేసినప్పుడు అది ఒక వ్యాఖ్యాన పద్ధతి. సజీవులైన మనుషులకు వర్తింపజేసినప్పుడు అదే వారిని అక్కరకు రాని వారిగా ప్రకటించడం అయింది. ఆయన ఎవరిని విలువ లేనివారన్నాడో వారు ఆయన ఊళ్లోనే గౌరవంగా బతికారు. తరువాతి శతాబ్దాలలో వారు వాడుకున్న విశాలమైన సమాజమందిరం సార్దీస్ తవ్వకాలలో 1962లో బయటపడింది.

తరువాత ప్రముఖ క్రైస్తవ వేదాంతి అయిన అగస్టీన్ యౌవనంలో తొమ్మిదేళ్ల పాటు మానీ మతస్థులతో తిరిగినవాడు. పాత నిబంధనలోని పితరుల నడవడిని ఎద్దేవా చేసి దాన్ని పక్కన పెట్టడంలో మానీ మతస్థులు మార్సియన్ వారసులు. మిలాన్‌లో ఆంబ్రోస్ బిషప్ ప్రసంగాలలో అవే కథలకు ఆధ్యాత్మికార్థం వినబడ్డాక అగస్టీన్ ఆ గ్రంథం వైపు తిరిగాడు. కొత్త నిబంధన పాతదానిలో దాగి ఉండగా, పాతదాన్ని కొత్తది విప్పి చూపుతుందన్న ఆయన భావన పాశ్చాత్య క్రైస్తవానికి స్థిరసూత్రమైంది. యూదులను చంపకూడదని, క్రైస్తవుల ప్రవచనాలు కల్పితాలు కావనడానికి వారి గ్రంథాలే సాక్ష్యమని కూడా ఆయన బోధించాడు. ఈ బోధ మధ్యయుగాలలో కొంతమేర వారి ప్రాణాలకు రక్షణగా నిలిచినా, సాక్షులుగా చెదిరి తిరగడమే వారి విధి అన్న భావాన్నీ పాదుకొల్పింది.

ఆ భావం రాతిలో ఎలా రూపుకట్టిందో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్ పెద్దచర్చి దక్షిణ ద్వారం దగ్గర చూడవచ్చు. 1230 ప్రాంతంలో చెక్కిన ఆ రెండు స్త్రీమూర్తులలో ఒకరు క్రైస్తవ సంఘం: తలపై కిరీటం, చేతుల్లో సిలువ దండం, పానపాత్ర, చూపు నిటారుగా. రెండోవారు యూదుల సమాజమందిరం: కళ్లకు గంతలు, పలుచోట్ల విరిగిన బల్లెం, చేతిలోంచి జారిపోతున్నట్లున్న ధర్మశాస్త్రపు పలకలు, పక్కకు వాలిన తల. పౌలు చెప్పిన మోషే ముసుగే ఇక్కడ కళ్ల గంతలైంది. శిల్పి ఈ ఓడిన స్త్రీకి ఎంతో లావణ్యం ఇచ్చాడు, మూలశిల్పాన్ని దగ్గరలోని మ్యూజియంలో చూసేవారి కళ్లు ఎక్కువసేపు ఆమె మీదనే నిలుస్తాయి. కాని రోమీయులకు రాసిన లేఖలోని ఒలీవ చెట్టుకు ఆ ద్వారం మీద చోటు దొరకలేదు. అదే నగరంలో 1349 ఫిబ్రవరి 14న, మహమ్మారికి కారణం యూదులేనన్న పుకారు మధ్య, వందలాది యూదులను సజీవంగా దహనం చేశారు.

సంస్కరణ కాలంలో వాదం మరో రూపు దాల్చింది. జర్మన్ సంస్కర్త లూథర్ ధర్మశాస్త్రానికి, సువార్తకు మధ్య గీత గట్టిగా గీశాడు. మోషే ఆజ్ఞలు యూదులకు ఇచ్చినవని, ప్రకృతి ధర్మంతో ఏకీభవించినంతవరకే అవి ఇతరులకు వర్తిస్తాయని 1525లో బోధించాడు. అదే ఏడాది జ్యూరిక్‌లో కొందరు యువకులు, విశ్వాసం ప్రకటించిన పెద్దలకే బాప్తిస్మం చెల్లుతుందని నమ్మి, ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. వారికి ఎదురు నిలిచిన అక్కడి సంస్కర్త జ్వింగ్లీ, అబ్రాహాము సంతానంలో ఎనిమిదో రోజు పసివాడికి సున్నతి జరిగినట్లే క్రైస్తవుల బిడ్డలకూ నిబంధన చిహ్నం చెందుతుందని, ఎందుకంటే నిబంధన ఒక్కటేనని వాదించాడు. ఆయన వారసుడు బుల్లింగర్ ఈ ఏకైక నిబంధన మీదనే 1534లో ప్రత్యేక గ్రంథం రాశాడు. మరో సంస్కర్త కాల్విన్, నిబంధన సారంలో ఒక్కటే, నిర్వహణలో వేరు అని ఆ వాదానికి మెరుగు పెట్టాడు. ఈ వాదం కాగితాలకే పరిమితం కాలేదు: పెద్దల బాప్తిస్మాన్ని సమర్థించిన ఫీలిక్స్ మాంట్స్‌ను 1527 జనవరిలో లిమ్మాట్ నదిలో ముంచి చంపారు.

ఆ వాదపు రెండు కొసలు తెలుగు నేలకూ చేరాయి. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ స్థాపించిన సంఘాలలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో అమెరికన్ బాప్టిస్టులు స్థాపించిన సంఘాలలో విశ్వాసం ప్రకటించినవారిని మాత్రమే నీళ్లలో ముంచి ఇస్తారు. 1878 జూలై 3న ఒంగోలు సమీపాన గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందడం ప్రసిద్ధమైన ఘటన. పక్కపక్క ఊళ్లలోని రెండు ఆచారాల వెనక, పాత నిబంధనలోని కుటుంబం కొత్తదానిలోనూ నిబంధన సభ్యత్వానికి ప్రమాణమవుతుందా అన్న పాత ప్రశ్న కూడా ఉన్నదని ఆ సంఘాలలో చాలామంది గమనించరు. శనివారం విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టులకు, ఆదివారం ఆరాధించే తక్కిన వారికి మధ్య భేదమూ ఆ మూలం నుంచి వచ్చినదే.

మార్సియన్ మళ్లీ తెరమీదికి వచ్చినది జర్మనీలో. బెర్లిన్ పండితుడు అడాల్ఫ్ ఫాన్ హార్నాక్ 1921లో ఆయన మీద వెలువరించిన గొప్ప పరిశోధన గ్రంథంలో, రెండో శతాబ్దంలో పాత నిబంధనను తిరస్కరించడం తప్పే అయినా, 19వ శతాబ్దం తరువాత కూడా ప్రొటెస్టెంట్లు దాన్ని ప్రామాణిక గ్రంథంగా ఉంచుకోవడం చేతకానితనమని తేల్చాడు. హార్నాక్ నాజీ కాడు, హిట్లర్ అధికారానికి రాకముందే 1930లో మరణించాడు. అయినా ఆయన మాట ఎవరి చేతుల్లో పడిందో చరిత్ర చూసింది. 1933 నవంబరు 13న బెర్లిన్ క్రీడాభవనంలో జర్మన్ క్రైస్తవులు అనే నాజీ అనుకూల వర్గం జరిపిన సభలో, సుమారు ఇరవై వేల మంది ఎదుట, రైన్‌హోల్డ్ క్రౌసె పాత నిబంధన నుంచి చర్చి విముక్తం కావాలని ప్రకటించాడు. 1939లో ఐసెనాఖ్‌లో ఆరంభమైన సంస్థ యూదు ప్రభావాన్ని చెరిపివేసే పనికి పూనుకుని, ఇశ్రాయేలుతో సంబంధాన్ని సూచించే మాటలను తుడిచివేసిన కొత్త నిబంధనను మరుసటి ఏడాది అచ్చు వేసింది. పాతదాన్ని కత్తిరించడం మొదలుపెడితే కొత్తది కూడా మిగలదని ఐరేనియస్ తరం గ్రహించిన సత్యానికి ఇంతకంటే ఘోరమైన రుజువు దొరకదు.

దీన్ని ఎదిరించినవారి గురించి కూడా నిజం చెప్పవలసి ఉంది. మ్యూనిక్ కార్డినల్ ఫాల్‌హాబర్ అదే 1933 డిసెంబరులో కిక్కిరిసిన చర్చిలో పాత నిబంధనను సమర్థిస్తూ వరుస ప్రసంగాలు చేశాడు. అందుకు ధైర్యం కావలసి వచ్చింది. అయితే తాను మాట్లాడుతున్నది క్రీస్తుకు పూర్వపు ఇశ్రాయేలు గురించేనని ఆయన గీత గీశాడు. నగరవీధుల్లో అవమానాలకు గురవుతున్న యూదులు ఆ గీతకు అవతల ఉండిపోయారు. మెలిటోలో కనిపించిన చీలికే పదిహేడు శతాబ్దాల తరువాత కూడా అలాగే ఉంది: గ్రంథాన్ని నిలబెట్టారు, గ్రంథం ఇచ్చిన వారిని విడిచిపెట్టారు.

ఆ చీలికను పూడ్చే పనికి నాంది పలికినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి చరిత్రకారుడు జూల్ ఇసాక్. భార్యను, కుమార్తెను ఆష్విట్జ్‌లో పోగొట్టుకున్న ఈ యూదు పండితుడు, క్రైస్తవ బోధలోని తిరస్కార ధోరణి సువార్తల నుంచి కాక తరువాతి వ్యాఖ్యానాల నుంచి వచ్చిందని వాదిస్తూ 1948లో యేసు, ఇశ్రాయేలు అనే గ్రంథం ప్రచురించాడు. 1960 జూన్ 13న పోప్ 23వ జాన్‌ను కలిసి ఈ బోధను సరిదిద్దాలని విన్నవించాడు. రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన ప్రకటన, 2,221 మంది అనుకూలంగా, 88 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా ఆమోదం పొంది, యేసు మరణానికి ఆనాటి యూదులందరినీ గాని, నేటి యూదులను గాని బాధ్యులను చేయరాదని, వారిని దేవుడు తిరస్కరించినట్లు చిత్రించరాదని స్పష్టం చేసింది. ఆ ప్రకటన ఆధారపడినది ముఖ్యంగా రోమీయులకు రాసిన లేఖ మీద. పౌలు ఒలీవ చెట్టు చివరకు సంఘపు అధికారిక బోధలో చోటు సంపాదించుకుంది. 1980 నవంబరులో మైంజ్ నగరంలో యూదు ప్రతినిధులతో మాట్లాడుతూ పోప్ రెండో జాన్ పాల్, పాత నిబంధనను దేవుడు ఎన్నడూ రద్దు చేయలేదని చెప్పాడు. స్ట్రాస్‌బూర్ శిల్పాలకు జవాబుగా ఇద్దరు స్త్రీలు పక్కపక్కన కూర్చుని ఒకరి గ్రంథాన్ని ఒకరు చూస్తున్న శిల్పాన్ని ఫిలడెల్ఫియాలోని సెయింట్ జోసెఫ్ విశ్వవిద్యాలయంలో 2015లో ప్రతిష్ఠించారు.

ఇంతటితో వేదాంతపు ముడి విడిపోలేదు. పాత నిబంధన రద్దు కాకపోతే, క్రీస్తు ద్వారానే మానవులందరికీ రక్షణ అన్న విశ్వాసం మాటేమిటన్న ప్రశ్నకు, 2015 డిసెంబరులో వాటికన్ కమిషన్ విడుదల చేసిన పత్రం రెండు వేర్వేరు రక్షణ మార్గాలు లేవంటూనే, యూదులను మతం మార్చడానికి ప్రత్యేక సంస్థాగత మిషన్‌ను కథోలిక సంఘం నడపదని చెప్పి, ఈ రెండింటికీ పొంతన దేవుని మర్మమని ఒప్పుకుంది. ప్రొటెస్టెంట్లలో ఏకాభిప్రాయం అంతకంటే తక్కువ. ఇశ్రాయేలుకు, సంఘానికి దేవుడు వేర్వేరు ప్రణాళికలు ఉంచాడని జాన్ నెల్సన్ డార్బీ 19వ శతాబ్దంలో బోధించగా, 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు వ్యాఖ్యల ద్వారా ఆ బోధ విస్తరించింది. సంస్కరణ సంప్రదాయం వారు నిబంధన ఒక్కటేనన్న మాట మీద ఉన్నారు. హెబ్రీ లేఖ పాతబడినదన్నది ఇశ్రాయేలుతో దేవుడి బంధాన్నా, లేక బలులు, యాజకత్వంతో కూడిన ఆరాధనా విధానాన్నా అన్నది నేటి బైబిలు పండితులు ఎక్కువగా చర్చిస్తున్న అంశం. ఆ లేఖలోని వాదం అంతా యాజకుని చుట్టూ, బలిపీఠం చుట్టూనే తిరుగుతుందని, ఇశ్రాయేలు ప్రజల స్థానంలో మరొక జనం వచ్చిందని అందులో ఎక్కడా లేదని రెండో పక్షం వారు చూపుతున్నారు. లేఖను మొదటినుంచి చివరిదాకా వరుసగా చదివినవారికి ఆ పక్షంలోనే ఎక్కువ బలం కనిపిస్తుంది.